గడ్డి మార్చిన ఇల్లు పాతదా, కొత్తదా?

జపాన్‌లో కనజావా కోట ముందు నిలబడి మా నాయన అడిగాడు: "ఇది ఎన్నేండ్ల నాటిదిరా?"

బోర్డు చదివి చెప్పాను. "2001."

"సరిగ్గా చూడప్పా. పదిహేడు వందలో, పద్దెనిమిది వందలో అయ్యుంటుంది."

సరిగ్గానే చూశాను. తెల్లటి గోడలు, సీసపు పెంకుల కప్పు, రెండు చివర్లా రెండు బురుజులు, మధ్యలో రైలు పెట్టెలా పొడవాటి కట్టడం. 1881లో కాలిపోయింది. నూట ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే చోట, అదే కొలతల్లో, పాత వడ్రంగం పద్ధతిలోనే కట్టారు. అంటే మన హైదరాబాదు సైబర్ టవర్స్ కంటే మూడేళ్ళు చిన్నది. ఇదేదో పర్యాటకుల కోసం వేసిన సినిమా సెట్టు కాదు, నిజం కట్టెతో, నిజం కీళ్ళతో కట్టింది అని వివరించబోయాను. నాయన వినలేదు. ఆయన పుట్టింది హిందూపురం పక్కన, లేపాక్షికి ఎద్దులబండి దూరంలో. ఆయన దృష్టిలో పాతది అంటే రాయి. పెనుకొండ గోడలు కూలిపోతున్నా అవి అసలైనవి. "ఇంత దూరం తోడుకొచ్చి కొత్త కోట చూపిస్తావా?" అన్నాడు.

అది మా ప్రయాణంలో చివరి ఊరు. అప్పటికి వారం నుంచి మేము చూసిందంతా ఇలాంటి "కొత్త పాతే" అని ఆయనకు చెప్పాలనుకున్నాను. అక్కడ చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను.

మనవాళ్ళ జపాన్ అంటే తోక్యో, ఫుజి కొండ, క్యోతో, ఒసాకా, వీలైతే హిరోషిమా. తప్పులేదు, మొదటిసారి వెళ్తే అవే చూడాలి. కానీ రెండోసారి వెళ్ళే అవకాశం ఉన్నవాళ్ళు, లేదా నాలాగా అక్కడ పనిచేసే స్నేహితుడి ఇల్లు పక్కనే ఉన్నవాళ్ళు, దేశానికి నడిమధ్య ఉన్న కొండలు దాటి జపాన్ సముద్రం వైపు దిగాలి. కొండల్లో ఉన్నది హిదా ప్రాంతం, సముద్రం పక్కన ఉన్నది హొకురికు. నగోయాలో రైలెక్కితే రెండున్నర గంటల్లో తకయామా. అక్కణ్ణుంచి బస్సులో యాభై నిమిషాలకు షిరకవాగో, మరో గంటంపావుకు కనజావా. 2015లో తోక్యో నుంచి కనజావాకు షింకన్‌సేన్ (బుల్లెట్ రైలు) వచ్చాక అటువైపు నుంచీ రెండున్నర గంటలే. మేము 2024 నవంబరు మొదటి వారంలో వెళ్ళాం. ఆ వారమే ఎందుకన్నది ముందుకెళ్తే తెలుస్తుంది.

షిరకవాగో ఫొటోలు మీరు చూసే ఉంటారు. లోయలో వరిమళ్ళు, వాటి మధ్య గడ్డికప్పు ఇళ్ళు, మంచు. కప్పు ఎంత నిటారుగా ఉంటుందంటే, రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టినట్టు ఉంటుంది. వాళ్ళూ దానికి ఆ పేరే పెట్టుకున్నారు, గష్షో అంటే చేతులు జోడించడం. మంచు బరువుకు కప్పు కుంగకుండా ఉండటానికి ఆ వాలు. లోయ ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి ఇళ్ళన్నీ దానికి తగ్గట్టే వరసగా ఒకే వైపు తిరిగి ఉంటాయి. గాలి దెబ్బ తగ్గుతుంది, కప్పు రెండు వైపులకూ ఎండ తగులుతుంది. పై అంతస్తుల్లో ఒక్క మేకు లేదు. దూలాలను గడ్డితాళ్ళతో, మెలిపెట్టిన పచ్చికొమ్మలతో కట్టారు. కప్పును మోసే వాసాల కింది చివర్లు పెన్సిల్ చెక్కినట్టు చెక్కి గుంటల్లో కూర్చోబెట్టారు. గాలికి, మంచు బరువుకు ఇల్లు కొంచెం కదులుతుంది, విరగదు.

నాయన ఇవేవీ పెద్దగా పట్టించుకోలేదు. కిందగదిలో నిప్పుగుండం దగ్గర కాసేపు కూర్చుని, నిచ్చెనలాంటి మెట్లెక్కి అటక మీదికి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళేసరికి ఓ మూల నిలబడిపోయి ఉన్నాడు.

"రేయ్, ఇది పురుగుల మిద్దె."

అవును, పట్టుపురుగుల మిద్దె. అంత పెద్ద కప్పు మనుషుల కోసం కట్టింది కాదు. మనుషులు కింద. పైన రెండు మూడు అంతస్తులు పురుగులకు. నేల సందులు వదిలిన చెక్కలతో వేశారు కాబట్టి కింది నిప్పు వెచ్చదనం పైదాకా పాకుతుంది. పక్కన ప్రదర్శనకు పెట్టిన తట్టలు, గూళ్ళు కట్టించే గడ్డి చట్రాలు ఉన్నాయి. మన చంద్రికలు వెదురువి, గుండ్రంగా చుట్టలు తిరిగి ఉంటాయి. వీళ్ళవి గడ్డితో మడతలు మడతలుగా ఉన్నాయి. పని ఒకటే. నాయన చిన్నప్పుడు వాళ్ళింట్లో మల్బరీ తోట ఉండేది, పురుగులు సాకేవారు. మూడో జ్వరం, నాలుగో జ్వరం (పురుగు మేత మాని చర్మం విడిచే దశలు) అంటూ లెక్కపెట్టుకుంటూ రాత్రిళ్ళు లేచి ఆకు వేసేవారు. "పురుగు ఆకు తింటాంటే ఇంట్లో వాన కురిసినట్టు సద్దు" అని ఆయన నాకు చిన్నప్పట్నుంచీ చెప్తూనే ఉన్నాడు, నేను ఎన్నడూ వినలేదు. అటక మీద ఆ సద్దు ఎలా ఉండేదో పక్కనున్న ఇద్దరు యూరప్ పర్యాటకులకు నోటితో చేసి చూపించాడు. వాళ్ళకు ఏమర్థమైందో తెలియదు గానీ తల ఊపారు.

ఇక అసలు విషయం. ఆ ఇళ్ళ కప్పు ముప్పై, నలభై ఏళ్ళకు ఒకసారి పూర్తిగా మార్చాలి. అంటే రెండు వందల ఏళ్ళ ఇల్లు అని బోర్డు పెట్టిన చోట ఒక్క గడ్డిపోచ కూడా రెండు వందల ఏళ్ళది ఉండదు. మేము చూసిన ఒక ఇంటికి ఒక వైపు కప్పు నల్లగా, నాచు పట్టి ఉంది. రెండో వైపు తాజా గడ్డి, తేనె రంగులో. దాన్ని పాత ఇల్లు అనాలా, కొత్త ఇల్లు అనాలా?

గడ్డి కప్పే రోజున ఊరు ఊరంతా కదిలొస్తుంది. వంద, రెండు వందల మంది ఒక్క రోజులో ఒక వైపు కప్పు వేసేస్తారు. దీన్ని 'యుయి' అంటారు. ఈ ఏడు మీ ఇంటికి మేము, రాబోయే ఏడు మా ఇంటికి మీరు. మనకు తెలియనిదేం కాదు, బదులు పని. చెనక్కాయలు పీకేటప్పుడు ఒకరి చేనికి ఇంకొకరు పోయేవారు కదా, అదే. తేడా ఏమిటంటే వాళ్ళు ఎవరింటికి ఎవరు ఎన్ని మోపుల గడ్డి, ఎన్ని తాళ్ళు, ఎన్ని రోజుల పని ఇచ్చారో రాసి పెట్టుకునేవారు. ముప్పై ఏళ్ళ తర్వాత తీర్చే బాకీ గనక రాయకుండా కుదరదు. ఇప్పుడు చాలా ఇళ్ళకు కూలి తీసుకుని పనిచేసే కప్పు పనివాళ్ళే గడ్డి వేస్తున్నారు. యుయి పూర్తిగా పోలేదు, కానీ పలచబడింది.

ఇక్కడే మన వాట్సాప్ పెద్దలు ఒక మాట అంటారు: "చూశారా జపాన్ వాళ్ళ క్రమశిక్షణ! వాళ్ళ రక్తంలోనే ఉంది." నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. రక్తంలో ఏమీ లేదు. 1950, 60లలో వాళ్ళూ మనలాగే కూల్చారు. షిరకవాగో ఉన్న షో నది లోయలోనే 1961లో మిబొరో ఆనకట్ట పూర్తయింది, కొన్ని ఊళ్ళు నీళ్ళ కింద పోయాయి. మునిగే ఊరి గుళ్ళలోని రెండు ముసలి చెర్రీ చెట్లను వేళ్ళతో సహా పెకలించి జలాశయం గట్టు మీద నాటారు, అవి ఇప్పటికీ పూస్తున్నాయి. చెట్లను మోసుకెళ్ళగలిగారు, ఊళ్ళను మోసుకెళ్ళలేకపోయారు. మిగిలిన గష్షో ఇళ్ళలో ఎన్నింటినో ఊడదీసి పట్నాల్లో హోటళ్ళుగా బిగించుకున్నారు. పట్టు ధర పడిపోయింది, పురుగులు పోయాయి, అటక ఖాళీ అయింది. పని పోయిన ఇంటికి ముప్పై ఏళ్ళకోసారి గడ్డి ఎవరు కప్పుతారు?

దాన్ని ఆపింది రక్తం కాదు, ఒక తీర్మానం. 1971లో షిరకవాగోలోని పెద్ద పల్లె ఒగిమాచి ఊరివాళ్ళు కూర్చుని మూడు మాటలు రాసుకున్నారు: అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం. అంతే. 1975లో దేశం చట్టం మార్చింది, ఒక్కో కట్టడాన్ని కాక మొత్తం ఊరినే రక్షించడానికి వీలు కలిగింది. ఆ మరుసటి ఏడే ఒగిమాచి ఆ జాబితాలో చేరింది, కప్పు ఖర్చుకు ప్రభుత్వ సొమ్ము వచ్చే దారి పడింది. 1995లో యునెస్కో గుర్తింపు. వరస గమనించండి. ముందు ఊరివాళ్ళ మాట, తర్వాత చట్టం, తర్వాత డబ్బు, ఆ తర్వాతే ప్రపంచం. మన దగ్గర ఎప్పుడూ చివరిదాంతో మొదలుపెట్టాలని చూస్తాం. ముందు యునెస్కో రావాలి, ఆ తర్వాత ఆలోచిద్దాం అన్నట్టు ఉంటుంది.

ఇదంతా రాత్రి అన్నం తింటూ నాయనతో అన్నాను. మేము దిగింది కూడా అలాంటి గడ్డికప్పు ఇంట్లోనే, ఆరింటికే భోజనం. ఉప్పురాసి నిప్పుల దగ్గర కాల్చిన ఏటిచేప, కొండ కూరలు, చిన్న గిన్నెల్లో ఏవేవో ఊరగాయలు. నాయన అన్నిట్లోనూ చెనక్కాయల పొడి వేసుకుని తిన్నాడు. "మన బోదకొట్టాలు కూడా ఇట్లా కాపాడుకోని ఉంటే..." అని నేను మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొట్టంలో నువ్వు పండుకున్యావా ఎప్పుడన్నా? తేళ్ళు పడేవి. వానొస్తే గిన్నెలన్నీ కింద పెట్టల్ల. ఎండకాలం ఎవరింట్లో నిప్పు రేగినా వరసంతా బుగ్గే. స్లాబు పోసిన రోజు మీ అవ్వ ఏడ్చింది, సంతోషంతో."

నా దగ్గర జవాబు లేదు. నిజాయతీగా చెప్పాలంటే ఇప్పటికీ లేదు. ఒకటి మాత్రం గమనించాను. నిప్పు భయం అక్కడా అంతే ఉంది. ఊళ్ళో చిన్న చిన్న చెక్కగూళ్ళు కనిపిస్తాయి, అవి కూడా గడ్డికప్పు ఇళ్ళలాగే ముద్దుగా ఉంటాయి. తెరిస్తే లోపల నీళ్ళు చిమ్మే ఫిరంగులు. ఏడాదికోసారి చలికాలం ముందు అన్నింటినీ ఒకేసారి తిప్పి పరీక్ష చేస్తారు. ఊరంతా నీటి తెర కింద దాక్కుంటుంది. ఇళ్ళవాళ్ళు వంతులవారీగా నిప్పు జాగ్రత్త చెప్తూ గస్తీ తిరుగుతారు. కొట్టాన్ని వదిలేయడం తప్పు కాదు. మనం వదిలేసింది కొట్టంతోపాటు దాన్ని కప్పే చేతిని కూడా. ఇవాళ హిందూపురం చుట్టుపక్కల బోద సరిగ్గా కప్పగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారని అడిగితే నాయన కాసేపు ఆలోచించి ఒక్క పేరు చెప్పాడు. ఆయన పోయి నాలుగేళ్ళయిందట.

మరునాడు గొకయామాకు వెళ్ళాం. పక్క జిల్లాలో అలాంటివే రెండు చిన్న పల్లెలు, ఐనొకురా, సుగనుమా. షిరకవాగోలో పర్యాటకుల రద్దీకి విసుగొచ్చిన వాళ్ళకు ఇవి మందు. సుగనుమాలో ఇళ్ళు తొమ్మిదే. గొకయామా గురించి నాకు బాగా నచ్చిన కథ ఒకటి ఉంది. పైన పట్టు, కింద మందుగుండు. కనజావా కోట నుంచి 'కాగా' అనే రాజ్యాన్ని ఏలిన మయేదా ప్రభువులకు తుపాకిమందులో వేసే సూరేకారం ఈ ఇళ్ళ నేల కిందే తయారయ్యేది. నిప్పుగుండం పక్కన గుంట తవ్వి మట్టి, గడ్డి, పురుగుల పెంట పొరలు పొరలుగా పరిచి ఏళ్ళ తరబడి మాగబెట్టేవారు. అటక మీది పురుగు పట్టూ ఇచ్చింది, కింద పెంటా ఇచ్చింది. బయటి కన్ను పడని కొండపల్లె కాబట్టి ప్రభువులకు గుట్టుగానూ ఉండేది. తర్వాతి కాలంలో చవకైన విదేశీ సూరేకారం వచ్చి ఆ పని పోయింది. ఆ పల్లెలు పేదరికంలో, ఏకాంతంలో మిగిలిపోయాయి కాబట్టే మిగిలాయి. డబ్బుండి ఉంటే వాళ్ళూ స్లాబు పోసేవాళ్ళే. పాతవి మిగలడం వెనక ఉన్న ఈ కారణాన్ని ఏ బ్రోషరూ చెప్పదు.

తకయామా గురించి తక్కువే చెప్తాను. అందరూ మెచ్చుకునే సన్‌మాచి వీధి మధ్యాహ్నం పూట నాకు నచ్చలేదు. చీకటి రంగు చెక్క ఇళ్ళు అందమైనవే, కానీ వాటి ముందు గొడ్డుమాంసం పుల్లలు తినేవాళ్ళ వరస తప్ప ఏమీ కనబడదు. పొద్దున ఏడింటికి మియాగవా నది పక్కన సంతకు వెళ్ళండి, ముసలమ్మలు ఊరగాయలు, ఆపిల్ పళ్ళు అమ్ముతూ ఉంటారు. సాయంత్రం ఐదు తర్వాత మళ్ళీ వీధిలోకి రండి, అప్పుడు ఆ ఊరు మీదే. ఇక్కడి పెద్ద షావుకార్ల ఇళ్ళు రెండు తప్పకుండా చూడాలి, కుసకాబె వాళ్ళదీ, యొషిజిమా వాళ్ళదీ. దూలాలు మీదికి మీదికి పేర్చుకుంటూ వెళ్ళిన తీరు చూస్తే మెడ నొప్పి పుడుతుంది. ఇవి కూడా "అసలైనవి" కావు. ఊరు కాలితే 1879లో ఒకటి, 1907లో ఒకటి తిరిగి కట్టారు. ఇక్కడ వడ్రంగం ఎంత పాతదంటే, దాదాపు పదమూడు వందల ఏళ్ళ కిందట, ఎనిమిదో శతాబ్దంలోనే హిదా వాళ్ళు పన్ను కట్టే బదులు వడ్రంగుల్ని రాజధానికి పంపేవారు. పన్నుగా పనితనం! 1692 నుంచి షోగున్ (సైనిక పాలకుడి) ప్రభుత్వం ఈ కొండల్ని నేరుగా తన చేతికిందకు తెచ్చుకుంది. కారణం వేరే చెప్పాలా, అడవి.

సరే, ఇళ్ళ సంగతి అట్లా ఉంచితే ప్రకృతి అయినా తనంతట తాను ఉంటుంది కదా అనుకుని కమికోచికి వెళ్ళాం. నవంబరు 15తో ఆ లోయ మూసేస్తారు, మళ్ళీ ఏప్రిల్ మధ్యలోనే. సొంత కార్లను లోపలికి రానివ్వరు, బస్సులే. అజుసా నది నీళ్ళు గాజులా ఉన్నాయి. పైన మూడు వేల మీటర్లు దాటిన హొతకా శిఖరాల మీద అప్పుడే కొత్త మంచు, కింద లార్చ్ చెట్లు పసుపు రాసినట్టు. తైషో చెరువు గట్టున అరగంట మాట్లాడకుండా కూర్చున్నాం, మా ఇద్దరికీ అది రికార్డే.

ఆ చెరువు వయసు చూడండి. 1915లో యకెదకె అగ్నిపర్వతం పేలి, బురద జారి నదికి అడ్డం పడితే ఏర్పడింది. అప్పట్నుంచి కొండ మీంచి మట్టి దిగుతూనే ఉంది, చెరువు ఏటేటా పూడుతోంది. కింద జలవిద్యుత్తుకు ఈ నీళ్ళే వాడతారు కాబట్టి పర్యాటకులు వెళ్ళిపోయే వేళ చూసి యంత్రాలు దింపి పూడిక తీస్తారు. తీయకపోతే ఆ అద్దంలాంటి నీళ్ళు, అందులో కొండ నీడ, మన ఫొటో, ఏవీ ఎక్కువ కాలం ఉండవు. చెరువు పూడిక తీయడం మన కాకతీయుల నాటి ఊళ్ళకు కొత్త మాటా? కానీ ఫోన్ వాల్‌పేపర్ మీదున్న "సహజ సౌందర్యం" కూడా పూడిక తీస్తేనే నిలుస్తుందని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. నాయనకు రాలేదు. "చెరువంటే అంతేరా" అన్నాడు.

అందుకే నవంబరు మొదటి వారం అన్నాను. కొండల్లో చెట్ల రంగులు చూడటానికి చాలామంది అక్టోబరులోనే వచ్చి పోతారు. నవంబరులో మాత్రం ఆ ప్రాంతమంతా చలికాలానికి సిద్ధమవుతూ కనిపిస్తుంది. కొండ హోటళ్ళు తలుపులు బిగిస్తుంటాయి, ఇళ్ళ చుట్టూ మంచు అడ్డుకునే పలకలు కడుతుంటారు. కనజావాలో నవంబరు 1న చెట్లకు తాళ్ళు కట్టడం మొదలవుతుంది.

కోట ఎదురుగానే కెన్రోకుఎన్ తోట. మయేదా ప్రభువులు తరతరాలుగా పెంచిన తోట ఇది. ఇందులో పారే నీళ్ళు 1632లో తవ్విన కాలువవి, పది కిలోమీటర్లకు పైగా దూరం నుంచి వస్తాయి. ఆ కాలువ ఇంకా పారుతూనే ఉంది. చెరువు పక్కన ఒక పెద్ద పైన్ చెట్టు, కరసకి చెట్టు అంటారు. కనజావా మంచు పొడిగా రాలదు, తడిసి బరువెక్కి కొమ్మల్ని విరిచేస్తుంది. అందుకని చెట్టు చుట్టూ ఐదు ఎత్తైన గుంజలు పాతి, వాటి కొసల్నించి సుమారు 800 గడ్డితాళ్ళు గొడుగు ఊచల్లా కిందికి దించి ఒక్కో కొమ్మకూ కడతారు. మార్చిలో విప్పేస్తారు. మళ్ళీ నవంబరు. కొంతమంది పనివాళ్ళు ఎక్కడో పైన కొమ్మల్లో ఉన్నారు, ఒకాయన నేల మీద నిలబడి తాడు ఎక్కడికి రావాలో కేకేసి చెబుతున్నాడు.

ఏ పద్ధతైనా ఒక తరం చేతులు ఖాళీ అయితే ఆగిపోతుంది. జపానైనా ఇందుకు మినహాయింపు కాదు. మేము వెళ్ళడానికి పది నెలల ముందు, 2024 జనవరి 1న, పక్కనే ఉన్న నోతో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఈ కోట రాతిగోడలు కూడా కొన్నిచోట్ల జారిపడ్డాయి. నోతో ఉత్తర తీరాన ఉన్న వాజిమాలో పొద్దుటి సంత వీధి మంటల్లో పోయింది. ఆ ఊరి లక్క పాత్రలు ప్రపంచమంతా పేరున్నవి, ఒక్కో గిన్నె ఎన్నో చేతులు మారి తయారవుతుంది. ఇళ్ళూ, పనిచోట్లూ కలిసి పోయాయి. తాత్కాలిక షెడ్లు వేసి పనివాళ్ళకు ఇచ్చారు. కోట గోడ రాళ్ళను ఏ రాయి ఎక్కడిదో చూసుకుని మళ్ళీ పేర్చుకోవచ్చు. పనివాడు ఊరొదిలి పట్నంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతే ఆ చోట ఎవర్ని పేరుస్తారు?

నాయన అప్పటికి నన్ను వదిలేసి ఆ పైన్ చెట్టు దగ్గర చేరాడు. కింద పడిన తాడు ముక్క ఒకటి తీసి పేటలు విప్పి చూస్తున్నాడు. వరిగడ్డి. ఆయన చిన్నప్పుడు కిత్తనారతో పేనేవాడు, ఎద్దులకు పగ్గాలు. రెండు పేటలు తొడ మీద పెట్టి అరచేత్తో ముందుకు రుద్దాడు, తాడు మళ్ళీ చుట్టుకుంది. నేల మీద నిలబడ్డ పనాయన కేకలు ఆపి చూశాడు. దగ్గరికొచ్చి ఆ ముక్క తీసుకుని లాగి చూసి, ఏదో అని, తన నడుముకున్న కట్టలోంచి ఇంకొంచెం పొడవు ముక్క తీసి నాయన చేతిలో పెట్టాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పావుగంట మాట్లాడుకున్నారు.

అంతలో చినుకులు మొదలయ్యాయి. ఆ ఊళ్ళో ఒక సామెత ఉంది, మధ్యాహ్నం అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు అని. ముందురోజే హోటలామె చెప్పింది కూడా. మా గొడుగు గదిలోనే ఉండిపోయింది. సంచిలో చెనక్కాయల పొడి మాత్రం ఉంది.